పాత వెయిటెడ్ కీబోర్డా, కొత్త డిజిటల్ పియానోనా?

కంప్యూటర్‌లో పియానో ధ్వని ఇచ్చే సాఫ్ట్‌వేర్ కొన్నాక వచ్చే ప్రశ్న ఇదే: దాన్ని దేనితో వాయించాలి? పియానోలా కీలు బరువుగా ఉండే పాత కీబోర్డుతోనా (అదే వెయిటెడ్), కొత్త డిజిటల్ పియానోతోనా?

ఖర్చు: సెకండ్‌హ్యాండ్‌లో పాతది చవక. కానీ దానికి యూఎస్‌బీ ఉండకపోవచ్చు, వెనక గుండ్రటి 5 పిన్నుల మిడి (ఏ కీ ఎలా నొక్కారో పంపే పద్ధతి) సాకెట్ మాత్రమే ఉంటుంది. దాన్ని కంప్యూటర్‌కి కలిపే ఇంటర్‌ఫేస్ విడిగా కొనాలి. కొత్తదానికి ఒక్క కేబుల్ చాలు.

కీల స్పర్శ: అసలు తేడా ఇక్కడే. 1983లో వచ్చిన మిడి ప్రమాణం ఇప్పటికీ పనిచేస్తుంది కాబట్టి వయసు అడ్డం కాదు. నొక్కిన వేగం 1 నుంచి 127 వరకు అంకెగా వెళ్తుంది. పాతదానిలో ఎంత గట్టిగా కొట్టినా 100 దాటకపోతే, సాఫ్ట్‌వేర్‌లో వెలాసిటీ కర్వ్ (ఏ వేగానికి ఎంత గట్టిగా మోగాలో చెప్పే సెట్టింగ్) మార్చండి. సగం సమస్యలు అక్కడే తీరిపోతాయి. ఒక్క కీ మాత్రమే ఉన్నట్టుండి గట్టిగా మోగుతోందా? అది కర్వ్ తప్పు కాదు, లోపలి రబ్బరు కాంటాక్టుల్లో దుమ్మో అరుగుదలో.

పెడల్: పాతవాటిలో చాలావరకు ఆన్, ఆఫ్ మాత్రమే పంపుతాయి. హాఫ్ పెడల్ (సగం మాత్రమే నొక్కి వాయించడం) కావాలంటే కొత్తదే నయం.

రిస్క్: పాతవాటికి విడిభాగాలు దొరకడం కష్టం. బరువు గురించి అడగొద్దు, మోసేటప్పుడు ఇంకొకరిని పిలుచుకోండి.

ఆలస్యం: కీ నొక్కాక సాఫ్ట్‌వేర్ ధ్వని వినిపించే వరకు పట్టే సమయం రెండింటికీ దాదాపు ఒకటే, అది ముఖ్యంగా కంప్యూటర్ బఫర్ (ధ్వనిని ముక్కలుగా పోగేసి పంపే చోటు) సంగతి. బఫర్‌ను 128 శాంపిల్స్ (ధ్వని తునకలు) పెడితే, సెకనుకు 44,100 శాంపిల్స్ (44.1 కిలోహెర్ట్‌జ్) దగ్గర బఫర్ వల్ల సుమారు 3 మిల్లీసెకన్లు.

స్క్రూడ్రైవర్ పట్టగలిగి, కీబోర్డ్ ఒకేచోట ఉండేదైతే పాతది తీసుకోండి, కొనేముందు 88 కీలూ మెల్లగా, గట్టిగా నొక్కి చూడండి. కంప్యూటర్ ఆన్ చేయకుండానే సాధన చేయాలంటే సొంత ధ్వని ఉండే డిజిటల్ పియానో.