ఆర్‌ఎక్స్ 100 ఉన్నవాళ్లు ఆ ‘మైలేజీ సెట్టింగ్’ షాపుకి వెళ్లకండి

రాణిగంజ్ సందులో మైలేజీ సెట్టింగ్ అంటే ఎవరో పాత యమహావాళ్లకి నేను చెప్పక్కర్లేదు. మా నాన్న బండి, 1991 మోడల్, ఆ మెకానిక్ చేతిలో పెట్టాను. గాలి, పెట్రోల్ కలిపే కార్బొరేటర్ కడిగి, అందులో పెట్రోల్‌ని కొలిచి వదిలే చిన్న చిల్లుల ముక్కలు, అంటే జెట్లు, ఒరిజినల్‌వే వేశానని డబ్బు తీసుకున్నాడు. షాపు ముందు ఐడిల్‌లో చక్కగా ఆడింది. నిన్న వరంగల్ హైవే మీద భువనగిరి దాటాక, ఫుల్ థ్రాటిల్‌లో ఉండగా పిస్టన్ కదలకుండా పట్టేసింది. వెనక చక్రం బిగుసుకుపోయింది. వెంటనే క్లచ్ నొక్కాను కాబట్టి ఇది రాయగలుగుతున్నాను. వెనకే లారీ ఉంది.

పొద్దున ట్రాలీలో బండి వేసుకెళ్తే ఆయన కనీసం వంగి చూడలేదు. “టూటీ ఆయిల్ తక్కువ పోస్తే పట్టెయ్యక ఏం జేస్తది తమ్మీ?” అన్నాడు. టూటీ అంటే ఈ టూ స్ట్రోక్ ఇంజన్ లోపల జిడ్డు కోసం వాడే ఆయిల్. స్పార్క్ ప్లగ్ విప్పి చూపించమని పట్టుబట్టాను. విప్పాడు. మొన సున్నం వేసినట్టు తెల్లగా ఉంది. గాలి, పెట్రోల్ మిక్చర్ సరిగా ఉంటే కాఫీ రంగులో ఉండాలి, తెలుపంటే పెట్రోల్ చాలక మాడిందని అర్థం. అది నాకూ తెలుసు, ఆయనకి ఇంకా బాగా తెలుసు. నేను ఫోన్ తీసేలోపు దాన్ని పాత ప్లగ్గుల డబ్బాలోకి విసిరేసి, చేత్తో గలగలా కలిపేశాడు. నా కళ్లలోకి చూస్తూనే కలిపాడు! “జరుగు, గిరాకీ ఉంది” అని పక్కకి నెట్టాడు. పని నేర్చుకునే పిల్లాడు తల దించుకున్నాడు.

ఇంటి దగ్గర మెకానిక్ కార్బొరేటర్ అడుగున పెట్రోల్ నిలిచే గిన్నె, ఫ్లోట్ బౌల్, విప్పితే, మెయిన్ జెట్ మీద నంబరు ఉండాల్సిన చోట ఆకురాయి గీతలున్నాయి. మైలేజీ కోసం చిన్న జెట్ వేసి, సైజు తెలియకుండా అరగదీశారు. ఐడిల్‌లో పెట్రోల్ ఇచ్చేది పైలట్ జెట్, అందుకే షాపు ముందు ఏ తేడా తెలియదు. మెయిన్ జెట్ పని ఫుల్ థ్రాటిల్‌లో, దాని సంగతి బయటపడేది హైవే మీదే. పైగా ఇప్పుడొచ్చే ఇ20 పెట్రోల్‌లో ఇథనాల్ ఉంటుంది, దాంతో పాత జెట్ సైజుకే మిక్చర్ కాస్త లీన్, అంటే పెట్రోల్ చాలనట్టు, అవుతుంది. దాని మీద ఇంకా చిన్న జెట్ వేస్తే పిస్టన్ వేడికి ఉబ్బి బోర్‌ని, అంటే సిలిండర్ లోపలి గోడని, గీరక ఏమవుతుంది? 1996లోనే తయారీ ఆగిపోయిన బండి ఇది. ఇప్పుడు ఆ గోడని కోసి నున్నగా చేసే రీబోర్ తప్పదంటున్నారు.

బండి ఇచ్చే ముందు మెయిన్ జెట్, పైలట్ జెట్ నంబర్లు, కార్బొరేటర్‌లోని సూది (నీడిల్) క్లిప్ ఏ గాడిలో ఉందో ఫోటో తీసుకోండి. తీసిన జెట్లు చేతికి వచ్చాకే డబ్బివ్వండి. హైవే ఎక్కకముందు కాసేపు గట్టిగా నడిపి ప్లగ్ రంగు మీరే చూడండి.

నా పాత మెయిన్ జెట్ ఆయన తిరిగివ్వలేదు. ఈ బండి కార్బొరేటర్ వీఎం20కి అసలు మికుని కంపెనీ జెట్లు ఎక్కడ దొరుకుతాయో తెలిసినవాళ్లు చెప్పండి.