పది మిల్లీలీటర్ల సిరంజి: జొన్నల సీసాలోకా, చైనా గ్రాస్ మీదికా?

మొదటిసారి ముత్యపు చిప్ప పుట్టగొడుగుల సిద్ధబీజాలు (స్పోర్స్, అంటే గొడుగు నుంచి రాలే సన్నని బీజాలు) నీళ్లలో కలిపిన సిరంజి తెప్పించుకున్నప్పుడు నేను చేసిన ఘనకార్యం ఇది. నాలుగు సీసాల్లో ఉడికిన జొన్నలు నింపి, ఒక్కోదానిలో రెండున్నర మిల్లీలీటర్లు గుచ్చి, సిరంజి మొత్తం ఖాళీ చేశాను. పన్నెండో రోజుకు మూడు సీసాల్లో పచ్చ బూజు కనిపించింది. నాలుగోది తెరిస్తే పులిసిన వాసన. తప్పు సిరంజిదా, జొన్నలదా, నా చేతులదా? తేల్చుకుందామంటే పరీక్షించడానికి ఒక్క చుక్క కూడా మిగల్చుకోలేదు.

సిరంజి చేతిలో ఉన్నవాడికి మూడు దారులున్నాయి: నేరుగా గింజల్లోకి ఎక్కించడం, ముందు తీపి నీళ్లలో పెంచడం, ముందు అగార్ (చైనా గ్రాస్) మీద ఒక చుక్క వేసి చూడడం. అసలు సిరంజి జోలికే వెళ్లకుండా తయారైన విత్తనం, అంటే పుట్టగొడుగు తెల్లదారం అప్పటికే అల్లుకున్న గింజలు (స్పాన్), కొనుక్కోవడం నాలుగోది.

ముందు ఒక సంగతి తెలియాలి. ఒకే గొడుగు నుంచి రాలిన బీజాలు ఒక తల్లి పిల్లల్లాంటివి. పోలిక ఉంటుంది కానీ అచ్చంగా ఒకేలా ఉండవు. ముత్యపు చిప్ప రకాల్లో ఒక్క బీజం నుంచి మొలిచిన దారం తనంతట తాను మామూలుగా గొడుగు వేయదు. తనతో జత కుదిరే మరో దారాన్ని కలుసుకోవాలి. ఒక మిల్లీలీటరు గుచ్చామంటే అలాంటి జతలు సీసా నిండా పుట్టి, చోటు కోసం పోటీ పడతాయి. వాటిలో చురుకైనవీ ఉంటాయి, మందకొడివీ ఉంటాయి. ఏది గెలుస్తుందో మన చేతిలో లేదు.

నేరుగా గింజల్లోకి ఎక్కించడంలో సుఖం శ్రమ తక్కువ కావడమే. అర లీటరు సీసాకు ఒక మిల్లీలీటరు చాలు, రెండు మించకూడదు. ఎక్కువ వేస్తే త్వరగా అల్లుకుంటుందనుకోవడం భ్రమ. అదనపు నీరు అడుగున చేరి, బాక్టీరియాకు విందు పెడుతుంది. పగిలిన జొన్నలూ అంతే. రాత్రంతా నానబెట్టి, గింజ మెత్తబడి తోలు చిట్లకముందే దించి, పైతడి ఆరనివ్వాలి. ఆ తరువాత కుక్కర్‌లో 15 పౌండ్ల ఒత్తిడి దగ్గర, అంటే 121 డిగ్రీల వేడిలో, గంటన్నర. పప్పు ఉడికే నాలుగు కూతలు ఇక్కడ లెక్కలోకి రావు. గంటన్నరకు సరిపడా నీళ్లు ముందే పోయకపోతే కుక్కర్ అడుగు మాడుతుంది.

ఇంత చేసినా సిరంజిలోనే మలినం ఉంటే, ఒక్కో మిల్లీలీటరు చొప్పున గుచ్చిన పది సీసాలూ పోయినట్టే. పైగా బీజాలు మొలిచి తెల్లదారం కంటపడడానికి వారం పైనే పట్టవచ్చు. ఆ వారమంతా గింజలు ఎవరికీ స్వాధీనం కాని పొలంలా పడి ఉంటాయి. ముందుగా వచ్చినవాడిదే రాజ్యం.

రెండో దారి తేనె నీళ్లు. నూరు మిల్లీలీటర్ల నీటిలో నాలుగు గ్రాముల తేనె కలిపి, కుక్కర్‌లో శుద్ధి చేసి, చల్లారాక ఒక మిల్లీలీటరు ఎక్కిస్తే, రోజూ కాస్త కదుపుతుంటే, కొన్ని వారాల్లో తెల్లటి మేఘాల్లాంటి దారాలు పెరుగుతాయి. పది మిల్లీలీటర్లుగా కొన్నది అర లీటరు కాగలదు. ఇది గింజల్లో పడితే మూడు నాలుగు రోజుల్లోనే అల్లుకోవడం మొదలవుతుంది. లెక్క ప్రకారం ఇంతకు మించిన పొదుపు లేదు. కానీ నాకు దీనిమీద నమ్మకం తక్కువ. నీళ్లు కాస్త మసకబారితే అది తేనె మడ్డో, బాక్టీరియానో కంటితో చెప్పలేం. చెడిన సిరంజిని ఇందులో పోస్తే పెరిగేది ఆ చెడే.

మూడోది అగార్. పేరు విని బెదరనక్కర్లేదు. కిరాణా కొట్టులో హల్వా కోసం అమ్మే చైనా గ్రాస్ అదే. లీటరుకు 200 గ్రాముల బంగాళాదుంపలు ఉడికించి వడకట్టిన నీళ్లు, 20 గ్రాముల గ్లూకోజు, 20 గ్రాముల అగార్. శుద్ధి చేసి చిన్న గాజు పళ్లేల్లో పోసి గడ్డకట్టనిస్తే సిరంజికి పరీక్ష గది సిద్ధం. దాని మీద ఒక్క చుక్క చాలు. పచ్చగా వచ్చినా, నల్లగా వచ్చినా, జిగురు మరకలా పాకినా ఇక్కడ దాక్కోలేదు. ఒక మూల శుభ్రమైన తెల్లదారం చురుగ్గా పరుచుకుంటే అంతమేర ముక్క కోసి కొత్త పళ్లెంలోకి మార్చి, అక్కడినుంచి సీసాలోకి పంపవచ్చు. పోటీలో గెలిచేవాడిని మనమే ఎంచుకుంటున్నామన్నమాట. రెండు మూడు వారాలు ఆలస్యం, నిజమే. కానీ సిరంజిలో తొమ్మిది మిల్లీలీటర్ల పైన ఇంకా మిగిలే ఉంటుంది. నా ఓటు దీనికే.

ఏ దారిలో వెళ్లినా సూది మర్యాదలు ఒకటే. బీజాలు అడుగున ముద్దకడతాయి కనుక వాడే ముందు సిరంజిని బాగా కుదపాలి. సూదిని ఎర్రబడేదాకా కాల్చి, చల్లారనిచ్చి, ప్రతి సీసాకూ మళ్లీ కాల్చాలి. గాలి కదలని ప్లాస్టిక్ పెట్టెలో పని చేసేవారు స్పిరిట్ చల్లాక దీపాన్ని పెట్టె బయటే ఉంచాలి. లోపల ఆవిరి నిండి ఉండగా వెలిగిస్తే భగ్గుమంటుంది. తుడవడానికి 70 శాతం ఆల్కహాల్ మంచిది. 99 శాతానిది త్వరగా ఆరిపోయి, పని సగంలోనే వదిలేస్తుంది. ఇంకో మాట: బొమ్మల్లో కనిపించే నల్లటి చుక్కల సిరంజిలు ముదురు రంగు బీజాలుండే రకాలవి. ముత్యపు చిప్ప బీజాలు తెలుపు, లేత ఊదా రంగుల్లో ఉంటాయి. అందుకే సిరంజి నీళ్లలా కనబడితే మోసపోయామని వెంటనే అమ్మినవారి మీద విరుచుకుపడకండి. ఇదీ అగార్ మీద వేసిన ఆ చుక్కే తేలుస్తుంది.

కూరకు కావాలంతే అనుకునేవారికి నా సలహా వేరు: స్పాన్ పొట్లం కొనండి. హిమాచల్ ప్రదేశ్‌లోని సోలన్‌లో 1983లో మొదలైన జాతీయ పుట్టగొడుగుల పరిశోధన సంస్థ, బెంగళూరు దగ్గర హెసరఘట్టలోని ఉద్యాన పరిశోధన సంస్థ వంటివి ఎంచిన రకాల విత్తనం తయారుచేస్తాయి. పది కిలోల తడి గడ్డికి 200 నుంచి 300 గ్రాములు పొరలుగా చల్లితే, రెండు మూడు వారాల్లో సంచి తెల్లబడుతుంది. సిరంజితో అక్కడికి చేరేసరికి రెండు నెలలు పట్టినా ఆశ్చర్యం లేదు. ఎండాకాలంలో మన దగ్గర ముత్యపు చిప్పకు వేడి ఎక్కువ. 35 డిగ్రీలను కూడా ఓర్చుకునే పాల పుట్టగొడుగుల విత్తనం అడగండి.

అగార్ పళ్లేలు ఒకసారి చేతికి అలవాటైతే సిరంజి అవసరమే తగ్గిపోతుంది. బజారులో దొరికిన తాజా పుట్టగొడుగును నిలువునా చీల్చి, గొడుగు కాడను కలిసే చోట లోపలి నుంచి బియ్యపు గింజంత కండ తీసి అగార్ మీద పెడితే చాలు. అది పిల్ల కాదు, అచ్చంగా ఆ తల్లే. నా ఫ్రిజ్‌లో ఇడ్లీ పిండి గిన్నె పక్కన ఇప్పుడు అలాంటి పళ్లేలు నాలుగున్నాయి. రెండో విడత తెప్పించిన సిరంజిలో ఆరు మిల్లీలీటర్లు ఇంకా అలాగే ఉంది.