స్టాప్ మోషనా, ఒకే షాటా?

కాలేజీ ప్రాజెక్టుకి నిమిషం నిడివి ప్రయోగాత్మక వీడియో అనగానే మా తిరుపతి స్టూడెంట్లం ఈ రెండింటి మధ్యే ఊగుతాం. స్టాప్ మోషన్ అంటే వస్తువుని కొంచెం కొంచెం జరుపుతూ తీసిన ఫొటోల్ని వరసగా ఆడించి, అది కదులుతున్నట్టు చూపించడం. దానికి ఫోను, ట్రైపాడ్, బోలెడంత ఓపిక కావాలి. సెకనుకి 12 ఫొటోల లెక్కన నిమిషానికి 720. నేను హాస్టల్ కిటికీ పక్కన వేరుశనగ కాయల్ని వరసగా నడిపించాను, కాయని కాస్త జరపడం, ఫొటో తీయడం, మళ్లీ జరపడం. మూడు గంటలు అట్లా చేసి ప్లే చేస్తే, మబ్బు పట్టినప్పుడల్లా వెలుతురు మారిపోయి వీడియో అంతా మినుకుమినుకుమంటోంది. కిటికీ మూసేసి, ఒకే లైటు కింద, ఎక్స్‌పోజర్ లాక్ చేసి (ఫోను వెలుతురుని తనంతట తాను మార్చకుండా ఆపి) తీయాలని అప్పుడు గానీ తెలీలేదు.

ఒకే షాట్‌కి, అంటే మధ్యలో ఎక్కడా ఆపకుండా, కత్తిరించకుండా తీసేదానికి, ఆ బాధ లేదు. తెల్లారుజామున గోవిందరాజస్వామి గుడి వీధిలో పూలబుట్టల పక్కగా నడుస్తూ తీస్తే నిమిషంలో పనైపోతుందనుకున్నాం. ఎక్కడ! ఓసారి ఆటో అడ్డం, ఓసారి ఫోకస్ పోయింది. పదకొండో టేక్ కుదిరింది, అందులోనూ "ఏం తీస్తా ఉండావు నాయనా?" అని ఒక పెద్దాయన గొంతు పడింది. అదే బాగుందని ఉంచేశాం.

గడువు రెండ్రోజులే ఉంటే మాత్రం కాయల జోలికి పోవద్దు.