హాల్లో పీఎస్5, గదిలో పీసీ: రెండూ వాడాక నా మాట

మా ఇంట్లో ఇప్పుడు ఆటలకు రెండు యంత్రాలున్నాయి. హాల్లో టీవీ కింద తమ్ముడు కొన్న ప్లేస్టేషన్ 5 స్లిమ్ (పీఎస్5), అంటే టీవీకి తగిలించి ఆడుకునే సోనీ కన్సోల్. నా గదిలో, సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ మార్కెట్‌లో విడిభాగాలు ఏరుకుని బిగించుకున్న పీసీ. నేను హనుమకొండలో జీఎస్టీ లెక్కలు చూసే అకౌంటెంట్‌ని. పగలు ట్యాలీ నడిచే కంప్యూటర్ మీదే రాత్రి ఆటలు ఆడతాను. "అక్కా, ఇంకా ఆ పీసీకి డబ్బులు పెట్టడమెందుకు? కొన్నాళ్లకి అందరూ కన్సోల్‌కే వస్తారు చూడు" అని తమ్ముడు పీఎస్5 తెచ్చిన రోజు నుంచీ అంటున్నాడు. వాడి మాటలో కొంత నిజముంది. అది ఎంతవరకో రెండింటినీ వాడి చూశాక రాస్తున్నాను.

ముందు పీఎస్5 సంగతి. మెచ్చుకోవాల్సినవి చాలా ఉన్నాయి. బటన్ నొక్కితే నిన్న రాత్రి ఎక్కడ ఆపామో అక్కడి నుంచే ఆట మొదలవుతుంది. డ్రైవర్లు, సెట్టింగులు, విండోస్ అప్‌డేట్లు అనే గొడవే లేదు. ఎనిమిది కోర్ల ఏఎమ్‌డీ జెన్ 2 ప్రాసెసర్, 16 జీబీ మెమరీ, చాలా వేగంగా చదివే ఎస్ఎస్‌డీ. ప్రో మోడల్‌ని పక్కన పెడితే, అమ్ముడైన ప్రతి పీఎస్5లోనూ ఉండేది ఇదే. ఆటలు తయారుచేసేవాళ్లకి ఆ సంగతి ముందే తెలుసు కాబట్టి దాని శక్తిని చివరి చుక్క వరకూ వాడతారు. 2020లో వచ్చిన యంత్రం మీద ఈనాటి పెద్ద ఆటలు కూడా హాయిగా నడవడానికి కారణం అదే.

దాని కంట్రోలర్ డ్యుయల్‌సెన్స్ గురించి విడిగా చెప్పాలి. హొరైజన్ ఫర్బిడెన్ వెస్ట్‌లో విల్లు లాగుతుంటే వేలి కింద ట్రిగర్ నిజంగానే బిగుసుకుంటుంది. అదే కంట్రోలర్‌ని కేబుల్‌తో నా పీసీకి పెట్టినా కొన్ని ఆటల్లో ఆ అనుభవం వస్తుంది, కానీ అన్నిట్లో రాదు. ఇక రాత్రి భోజనాలయ్యాక క్రికెట్ 24 పెడితే నాన్న కూడా వచ్చి కూర్చుంటారు. నా పీసీ ముందు ఆయన ఎప్పుడూ కూర్చోలేదు. ఒక సోఫా, పెద్ద తెర, రెండు కంట్రోలర్లు. ఇంటిల్లిపాదీ కలిసి ఆడుకోవడానికి పీసీ కన్నా కన్సోలే మేలు, ఇందులో నాకు సందేహం లేదు.

డబ్బుల లెక్కకి వస్తే మొదట కన్సోల్‌దే పైచేయి. పీఎస్5 స్లిమ్ 2024 ఏప్రిల్‌లో మన దగ్గర అమ్మకానికి వచ్చినప్పుడు డిస్క్ మోడల్ 54,990 రూపాయలు, డిస్క్ పెట్టే వీల్లేని డిజిటల్ మోడల్ 44,990. ఆ ధరకి అంత బలమైన పీసీ కొత్త భాగాలతో బిగించలేం. గ్రాఫిక్స్ కార్డుకే అందులో సగానికి దగ్గరగా పోతుంది. మానిటర్, కీబోర్డు, యూపీఎస్ ఖర్చు వేరే.

అయితే యంత్రం కొన్నాక లెక్క మారుతుంది. సోనీ సొంత కొత్త ఆట ఒక్కొక్కటి దాదాపు ఐదు వేల రూపాయలు. కొనుక్కున్న ఆటని నెట్‌లో ఇతరులతో ఆడాలంటే ప్లేస్టేషన్ ప్లస్ చందా కట్టాలి, ఫ్రీ ఆటలకైతే అక్కర్లేదు. పీసీలో నెట్ బిల్లు తప్ప అలాంటి చందా లేదు. పీసీ ఆటలు అమ్మే ఆన్‌లైన్ దుకాణం స్టీమ్‌లో 2015 నుంచి ధరలు రూపాయల్లోనే ఉన్నాయి, యూపీఐతో కట్టొచ్చు. వేసవి సేల్‌లోనో డిసెంబర్ సేల్‌లోనో కాస్త పాత పెద్ద ఆటలు పావు ధరకి దొరుకుతాయి. అలాంటిదే ఇంకో దుకాణం ఎపిక్ స్టోర్ 2018 చివరి నుంచి ఉచితంగా ఆటలు ఇస్తూనే ఉంది. 2020 మేలో జీటీఏ 5 ఇచ్చినప్పుడు మా బంధువుల పిల్లలందరికీ నేనే అకౌంట్లు తెరిచి పెట్టాను.

తమ్ముడి వైపు గట్టి జవాబు ఒకటుంది, డిస్క్. వాడు కథ ఉన్న ఆట కొంటాడు, పూర్తిచేస్తాడు, ఓఎల్ఎక్స్‌లో పెట్టి అమ్మేస్తాడు. నెల తిరక్కుండా అమ్మితే పెట్టిన దాంట్లో మంచి భాగం వెనక్కి వస్తుంది. పీసీలో ఆ దారి లేదు. స్టీమ్‌లో కొన్నది మన అకౌంట్‌తోనే ఉంటుంది, మరొకరికి అమ్మలేం. పీఎస్5 కొనేవాళ్లెవరైనా నన్నడిగితే డిజిటల్ మోడల్ కొని ఆ పదివేలు మిగుల్చుకోవద్దని, డిస్క్ మోడలే తీసుకోమని చెబుతాను. రెండు మూడు ఆటలు అమ్మేసరికి ఆ తేడా తీరిపోతుంది.

ఇక నా పీసీ. 2018లో వచ్చిన బీ450 మదర్‌బోర్డు, అప్పటి రైజెన్ 5 2600 ప్రాసెసర్, తర్వాత వేసుకున్న జీటీఎక్స్ 1650 గ్రాఫిక్స్ కార్డు. అదే బోర్డులో బయోస్ (బోర్డుని నడిపే లోపలి ప్రోగ్రామ్) అప్‌డేట్ చేసి రైజెన్ 5 5600 పెట్టించాను. ఆ ప్రాసెసర్ వచ్చింది 2022లో. నాలుగేళ్ల తర్వాతి ప్రాసెసర్ పాత బోర్డులో కూర్చుంది, క్యాబినెట్, ర్యామ్, హార్డ్‌డిస్క్ ఏదీ మార్చలేదు. ఆ తర్వాత గ్రాఫిక్స్ కార్డు మార్చి ఆర్‌టీఎక్స్ 3060 వేశాను. తీసేసిన 1650 మా పిన్ని కొడుకు దగ్గరికి వెళ్లింది, వాడు దాని మీద వాలరెంట్ ఆడుతున్నాడు. వాలరెంట్, కౌంటర్ స్ట్రైక్ 2 లాంటి నెట్‌లో ఆడే తుపాకీ ఆటలు తేలికపాటి కార్డు మీదా ఆడతాయి, ముంబైలో సర్వర్లున్నాయి, పైగా ఉచితం. ఇంటర్మీడియట్ కుర్రాడికి పీసీ గేమింగ్ అంటే అదే. 4కే స్పష్టత, వెలుగునీడల్ని నిజంలా చూపే రే ట్రేసింగ్ వాడి లెక్కలోకే రావు.

మన ఇళ్లలో కంప్యూటర్ ఎలా అడుగుపెడుతుందో చూస్తే ఈ పోటీ సంగతి ఇంకా బాగా తెలుస్తుంది. బీటెక్‌లో చేరగానే లాప్‌టాప్ కొంటారు. అమ్మానాన్నలు దానికి ఎదురు చెప్పరు, అది చదువు ఖర్చు. అదే పిల్లాడు 55 వేలు పెట్టి ప్లేస్టేషన్ కొనివ్వమంటే ఇల్లంతా కూర్చుని చర్చిస్తుంది. మా తమ్ముడు కూడా ఉద్యోగం వచ్చాకే, సొంత జీతంతోనే కొనుక్కున్నాడు. నా పీసీ ట్యాలీ కోసం వచ్చింది, దాని ఖర్చు నా సంపాదనలోంచే తీరింది. ఆటలు ఆడకపోయినా పీసీ ఇంట్లో ఉండాల్సిందే. ఆటల కోసమే పుట్టిన యంత్రానికి ఆ వెసులుబాటు లేదు.

వీటన్నిటికన్నా నాకు ముఖ్యమైనది ఇంకోటి. కొత్త ఆటలు పుట్టేది ఎక్కువగా పీసీ మీదే. కౌంటర్ స్ట్రైక్ మొదట హాఫ్ లైఫ్ ఆటకి అభిమానులు 1999లో చేసుకున్న మాడ్, అంటే ఉన్న ఆటనే మార్చి చేసిన కొత్త రూపం. డోటా వార్‌క్రాఫ్ట్ 3కి చేసిన మాడ్. ఇప్పుడు వీధి చివర అరుగు మీద కూర్చుని పిల్లలు ఫోన్లో ఆడే బీజీఎమ్ఐ వెనక్కి వెళితే పీసీ పబ్‌జీ వస్తుంది, దాని వెనక బ్రెండన్ గ్రీన్ అనే ఆయన పీసీలో ఆర్మా ఆట మీద చేసిన మాడ్ ఉంది. స్టార్‌డ్యూ వ్యాలీని ఒక్క మనిషే కూర్చుని తయారుచేసి 2016లో ముందు పీసీకే విడుదల చేశాడు, కన్సోళ్లకి తర్వాత వచ్చింది. ఎవరి అనుమతీ అడగకుండా ఆట లోపలి ఫైళ్లు తెరిచి మార్చుకునే వీలు ఉండబట్టే ఇవన్నీ సాధ్యమయ్యాయి. పీసీ నారుమడి లాంటిది. మొలక ఇక్కడ వచ్చాకే వేరే పొలాల్లో నాట్లు పడతాయి.

పాత ఆటల్ని బతికించుకునేదీ ఇదే. నేను ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ 2 అనే రాజ్యాల వ్యూహ ఆటని చదువుకునే రోజుల్లో నెట్ సెంటర్‌లో నేర్చుకున్నాను. అది 1999 నాటి ఆట. 2019లో దానికి మెరుగుపరిచిన రూపం, డెఫినిటివ్ ఎడిషన్, వచ్చింది. 2022 ఏప్రిల్‌లో భారతీయ రాజవంశాల మీద ఒక విస్తరణ వచ్చింది, అందులో రాజేంద్ర చోళుడి కథతో ఒక కాంపెయిన్ ఉంది. అది ఆడుతుంటే నాకు కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు. ఆ ఆట పీఎస్5 మీదికి 2025లో వచ్చింది. మరోవైపు తమ్ముడి అల్మారాలో ఉన్న పీఎస్3 డిస్కులు పీఎస్5లో ఆడవు. పీఎస్4వి దాదాపు అన్నీ ఆడతాయి, అంతకన్నా వెనక్కి వెళ్లలేం. 2021లో సోనీ పీఎస్3 ఆన్‌లైన్ దుకాణం మూసేస్తామని ప్రకటించి, ఆటగాళ్లు గట్టిగా అడిగాక ఆ నిర్ణయం వెనక్కి తీసుకుంది. కన్సోల్‌లో మన ఆటల ఆయుష్షు కంపెనీ చేతిలో ఉంటుంది. స్టీమ్ ఇచ్చేది కూడా లైసెన్సే, సొంత ఆస్తి కాదు, ఆ మాట కూడా చెప్పాలి. కానీ పీసీలో జీఓజీ లాంటి దుకాణం ఉంది, అక్కడ కొన్న ఆట ఇన్‌స్టాలర్‌ని నా హార్డ్‌డిస్క్‌లో దాచుకుంటే దాన్ని నా దగ్గరి నుంచి ఎవరూ తీసుకోలేరు.

పీసీలో చిరాకు పెట్టేవి తక్కువేం కాదు. కొత్త ఆట తెరవగానే షేడర్లు (తెర మీద బొమ్మలు గీసే చిన్న ప్రోగ్రాములు) సిద్ధం చేసుకుంటున్నానని చాలాసేపు కూర్చోబెడుతుంది, తర్వాత కూడా మధ్యమధ్యలో తెర ఆగి ఆగి నడుస్తుంది. కన్సోల్‌కి చేసిన ఆటని పీసీకి హడావుడిగా మార్చి వదిలితే మనమే నలిగిపోతాం. 2023 మార్చిలో ది లాస్ట్ ఆఫ్ అస్ పార్ట్ 1 పీసీకి వచ్చినప్పుడు చాలామందికి క్రాష్ అయింది, ప్యాచ్ మీద ప్యాచ్ వేశాకే దారికొచ్చింది. కన్సోల్ వాళ్లకీ ఈ బాధ తప్పలేదు. 2020 డిసెంబర్‌లో సైబర్‌పంక్ 2077 పీఎస్4 మీద ఎంత అధ్వానంగా నడిచిందంటే సోనీ దాన్ని తన స్టోర్ నుంచి ఆరు నెలలపాటు తీసేసింది.

పీసీ వాళ్లని కన్సోల్ పోటీ కన్నా విడిభాగాల ధరలే ఎక్కువ భయపెడుతున్నాయి. క్రిప్టో మైనింగ్ కాలంలో గ్రాఫిక్స్ కార్డులు సామాన్యుడికి అందలేదు. 2022 సెప్టెంబర్‌లో ఎథీరియం అనే క్రిప్టో కరెన్సీ గ్రాఫిక్స్ కార్డులు అక్కర్లేని పద్ధతికి మారాక కాస్త ఊపిరి తీసుకున్నాం. 2025 చివర్లో ఏఐ డేటా సెంటర్ల గిరాకీతో ర్యామ్ ధరలు ఆకాశానికెక్కాయి. కొత్తగా పీసీ బిగించుకుందామనుకునే పిల్లలకి ఇది పెద్ద దెబ్బ. ఈ తరం కన్సోళ్ల ధరలు కూడా పాతబడే కొద్దీ తగ్గకుండా పెరుగుతున్నాయి, కాబట్టి అటు వెళ్లినా పూర్తి ఊరట లేదు.

కరెంటు విషయం కూడా చెప్పాలి, ఎండాకాలంలో మా దగ్గర ఇది పెద్ద సంగతే. ట్యాలీ ఉంది కాబట్టి నా పీసీకి యూపీఎస్ మొదటి నుంచీ ఉంది. హాల్లో పీఎస్5కి లేదు. ఆట మధ్యలో కరెంటు పోతే మళ్లీ ఆన్ చేసినప్పుడు స్టోరేజీని సరిచూసుకుంటుంది, సేవ్ చేయనిదంతా పోతుంది. పీఎస్5 కొంటే దానికీ ఒక యూపీఎస్ ఖర్చు లెక్కలో వేసుకోండి.

జీటీఏ తయారుచేసే రాక్‌స్టార్ కంపెనీ ఆటల విషయంలో మాత్రం తమ్ముడిదే గెలుపు. జీటీఏ 5 కన్సోళ్లకి 2013లో వస్తే పీసీకి 2015లో వచ్చింది. రెడ్ డెడ్ రిడెంప్షన్ 2కి మేము ఏడాది పైన ఎదురుచూశాం. జీటీఏ 6 కూడా ముందు పీఎస్5కి, మైక్రోసాఫ్ట్ వాళ్ల ఎక్స్‌బాక్స్ సిరీస్ కన్సోళ్లకే ప్రకటించారు. అది వచ్చిన వారం హాల్లో టీవీ నాదే అని ఇప్పుడే చెప్పి పెట్టాను.

పీసీ గేమింగ్ నిలబడుతుందా అంటే, నిలబడింది అనే నేనంటాను. పీఎస్5లు 8 కోట్లకు పైగా అమ్ముడయ్యాయి. అదే కాలంలో, 2025లో, స్టీమ్‌లో ఒకే సమయంలో 4 కోట్ల మందికి పైగా ఆన్‌లైన్‌లో ఉన్న రోజులున్నాయి. ఒకటి పెరిగితే ఇంకోటి తరగాలనేం లేదు. సోనీయే 2020 నుంచి తన పెద్ద ఆటల్ని పీసీకి తెచ్చింది. హెల్‌డైవర్స్ 2ని 2024లో పీఎస్5కీ పీసీకీ ఒకే రోజు విడుదల చేసింది. మైక్రోసాఫ్ట్ 2025లో ఏసస్ కంపెనీతో కలిసి ఎక్స్‌బాక్స్ పేరు పెట్టి తెచ్చిన, చేతిలో పట్టుకుని ఆడే యంత్రం లోపల నడిచేది విండోసే. కన్సోల్ కంపెనీలే పీసీ వైపు నడిచి వస్తున్నాయి.

ఇంట్లో చిన్నపిల్లలుండి, నలుగురూ కలిసి ఆడాలనుకునేవాళ్లు, సెట్టింగులతో కుస్తీ పట్టే ఓపిక లేనివాళ్లు పీఎస్5 డిస్క్ మోడల్ కొనండి. చదువుకో పనికో ఎలాగూ కంప్యూటర్ కావాల్సినవాళ్లు, వ్యూహం, మాడ్‌లు, పాత ఆటలు ఇష్టపడేవాళ్లు పీసీకే డబ్బు పెట్టండి. ర్యామ్ ధర దిగేదాకా కొత్త బిల్డ్ వాయిదా వేసి, ఉన్న బోర్డుకి సెకండ్‌హ్యాండ్ ప్రాసెసర్ దొరుకుతుందేమో చూడండి. లాప్‌టాప్ ఇప్పటికే ఉంటే ఏదీ కొనకముందు స్టీమ్‌లో మీకు నచ్చిన ఆట ఒకటి దాని మీద ఆడించి చూడండి. సరిగ్గా నడవకపోతే, కొన్న 14 రోజుల్లోపు, రెండు గంటలకు మించి ఆడకుండా అడిగితే డబ్బు వెనక్కి ఇస్తారు.