ఒకే బ్యాండ్ ఎందుకొస్తోందో చూపించిన యూసీఎస్‌సీ జీనోమ్ బ్రౌజర్

డీఎన్ఏ అక్షరాల వరసని, అందులో జన్యువులు ఎక్కడున్నాయో బొమ్మగా చూపించే వెబ్‌సైట్ యూసీఎస్‌సీ జీనోమ్ బ్రౌజర్. దీన్ని ఆరేళ్లుగా దాదాపు రోజూ తెరుస్తున్నాను. పీహెచ్‌డీలో చేరిన కొత్తలో ఎవరైనా పక్కన కూర్చోబెట్టుకుని దీన్ని చూపించి ఉంటే నాకు రెండు వారాలు మిగిలేవి.

ముందు ఆ రెండు వారాల సంగతి చెప్తాను. జన్యువు నుంచి వచ్చే ఆర్ఎన్ఏలో చివరికి మిగిలే ముక్కలు ఎక్సాన్లు, మధ్యలో కోసి తీసేసేవి ఇంట్రాన్లు, ఆ కోసి అతికించే పనే స్ప్లైసింగ్. పీకేఎం అనే జన్యువులో తొమ్మిదో ఎక్సాన్, పదో ఎక్సాన్ ఒకదానికొకటి పడవు. ఒకటి ఉంటే రెండోది ఉండదు. కండరంలో, మెదడులో తొమ్మిదోది నిలుస్తుంది, పీకేఎం1 తయారవుతుంది. పిండ కణాల్లో, చాలా క్యాన్సర్ కణాల్లో పదోది నిలుస్తుంది, అది పీకేఎం2. కణాల ఆర్ఎన్ఏ తీసి, ఎనిమిదో ఎక్సాన్‌లో ఒక ప్రైమరు (కాపీ ఎక్కడ మొదలవ్వాలో చెప్పే చిన్న డీఎన్ఏ ముక్క), పదకొండోదాంట్లో ఇంకొకటి పెట్టి పీసీఆర్ చేశాను, అంటే ఆ రెండిటి మధ్య భాగాన్ని లెక్కలేనన్ని కాపీలు చేశాను. జెల్ మీద ముక్కలు పొడవుని బట్టి విడిపోయి, ఒక్కో పొడవుకి ఒక్కో గీతగా, అంటే బ్యాండుగా, కనిపిస్తాయి కాబట్టి రెండు బ్యాండ్లు రావాలని నా లెక్క. జెల్ మీద ప్రతిసారీ ఒకటే. ఆర్ఎన్ఏ పాడైందనుకుని మళ్లీ తీశాను. ప్రైమర్లు మార్చాను. మళ్లీ అదే బ్యాండు.

చివరికి బ్రౌజర్‌లో పీకేఎం తెరిచి ఆ రెండు ఎక్సాన్ల మీదికి జూమ్ చేసుకుంటూ వెళ్లాను. అక్కడ ఎక్సాన్లు పెట్టెలుగా కనిపిస్తాయి. రెండు పెట్టెలూ ఒకే వెడల్పు. లెక్కపెడితే రెండూ 167 అక్షరాలే! ఏది ఉన్నా, ఏది పోయినా ముక్క పొడవు మారనప్పుడు రెండో బ్యాండు ఎక్కణ్ణుంచి వస్తుంది? అక్కడే రెస్ట్రిక్షన్ ఎంజైములు (డీఎన్ఏని ఫలానా అక్షరాల దగ్గరే కోసేవి) ఎక్కడ కోస్తాయో చూపించే ట్రాక్, అంటే సమాచారపు వరస, ఆన్ చేస్తే, పీఎస్‌టీ వన్ అనే ఎంజైము కోసే సీటీజీసీఏజీ చోటు పదో ఎక్సాన్‌లో కనిపించింది, తొమ్మిదోదాంట్లో లేదు. పీసీఆర్ ముక్కల్ని ఆ ఎంజైముతో కోయించాను. పీకేఎం2 తెగింది, పీకేఎం1 అలాగే ఉంది. ఈ జన్యువు మీద పనిచేసేవాళ్లకి పాత పద్ధతే ఇది. కానీ ఎందుకు పనిచేస్తుందో నాకు ఆ తెర మీదే అర్థమైంది.

దీంట్లో నాకు అన్నిటికన్నా నచ్చేది, అన్నీ కొలత ప్రకారం గీయడం. పాఠాల్లో ఇంట్రాన్ అంటే రెండు పెట్టెల మధ్య చిన్న గీత. ఇక్కడ డిస్ట్రోఫిన్ అనే జన్యువు తెరిచి చూడండి. జన్యువు 20 లక్షల అక్షరాలు దాటుతుంది, స్ప్లైసింగ్ అయ్యాక మిగిలే ఆర్ఎన్ఏ దాదాపు 14 వేలు. 79 ఎక్సాన్లూ వెంట్రుకల్లా కనిపిస్తాయి. 44వ ఇంట్రాన్ ఒక్కదాంట్లోనే పీకేఎం లాంటి జన్యువులు ఏడు పడతాయి. జన్యువు ముక్కలుగా ఉంటుందని 1977లో ఫిలిప్ షార్ప్, రిచర్డ్ రాబర్ట్స్ బృందాలు కనిపెట్టాయని పరీక్షల కోసం చదివాను. ఆ ముక్కలు ఒకదానికొకటి ఇంత దూరంలో ఉంటాయని మాత్రం ఈ తెర చూసేదాకా తట్టలేదు.

కొత్తవాళ్లు తడబడే చోటు ఒకటుంది. డీఎన్ఏకి రెండు పోగులు, తెర మామూలుగా ప్లస్ పోగు అక్షరాల్నే చూపిస్తుంది. పీకేఎం, డిస్ట్రోఫిన్ రెండూ రెండో పోగు, అంటే మైనస్ స్ట్రాండ్ మీద ఉన్నాయి. ఇంట్రాన్ గీత మీది బాణాలు ఎడమకి తిరిగి ఉంటాయి, అంటే కుడి నుంచి ఎడమకి చదవాలి. ఇంట్రాన్ జీటీతో మొదలై ఏజీతో ముగుస్తుందని నేర్చుకుని జూమ్ చేస్తే ఎడమ కొసన సీటీ, కుడి కొసన ఏసీ కనిపించి కంగారు పుడుతుంది. కింద రివర్స్ బటన్ నొక్కితే అంతా సర్దుకుంటుంది.

వేరే జీవుల్లో కూడా పెద్దగా మారకుండా ఉన్న చోట్లని ఎత్తుగా చూపించే కన్సర్వేషన్ ట్రాక్ కూడా ఆన్ చేసుకోండి. మామూలు ఎక్సాన్ల దగ్గర ఎత్తుగా ఉండే గీత ఇంట్రాన్‌లోకి రాగానే చాలావరకు పడిపోతుంది. కొన్ని కణాల్లోనే వాడే ఎక్సాన్ల పక్కన మాత్రం ఇంట్రాన్‌లోకి కూడా కాస్త దూరం ఎత్తుగానే సాగడం తరచూ చూస్తాను. స్ప్లైసింగ్‌ని అటో ఇటో తిప్పే ప్రోటీన్లు అతుక్కునే చోట్లు అలాంటి దగ్గరే ఉంటాయి.

ఖాతా అక్కర్లేదు, డబ్బు అక్కర్లేదు. ఒక్క మాట గుర్తుపెట్టుకోండి. ఒక జన్యువుకి వరసగా కనిపించే ట్రాన్‌స్క్రిప్టులన్నీ (దాన్నుంచి రాగల ఆర్ఎన్ఏ రూపాలు) మీ కణంలో తయారవుతాయని కాదు. అది తెలియాలంటే మీ సొంత ఆర్ఎన్ఏ సీక్వెన్సింగ్ డేటాని కస్టమ్ ట్రాక్‌గా పెట్టుకోవాలి. నా కండర కణాల డేటా అలా పెట్టిన రోజు తొమ్మిదో ఎక్సాన్ మీద రీడ్లు (సీక్వెన్సింగ్‌లో చదివిన ఆర్ఎన్ఏ ముక్కలు) గుట్టగా పోగుపడి కనిపించాయి. పదోదాని మీద అక్కడొకటి, ఇక్కడొకటి.