రోలాండ్ ఎస్‌పీ-404 మార్క్ 2: అనంతపురంలో ఒక ర్యాప్ ఆల్బమ్ చేశాక

ముందే చెప్పేస్తా. ఇది శాంప్లర్, అంటే ఏ శబ్దాన్నైనా ముక్కగా (దాన్నే శాంపిల్ అంటారు) ఎత్తి ప్యాడ్ల మీద వాయించుకునే పెట్టె. శాంపిల్ కోసి బీట్ కట్టడానికి ఈ డబ్బా బంగారం. గొంతు రికార్డ్ చేసి పాటను చివరిదాకా మిక్స్ చేయడానికి మాత్రం దీన్ని నమ్ముకోవద్దు, దానికి కంప్యూటర్ ఉండాల్సిందే. "ల్యాప్‌టాప్ లేకుండా ఆల్బమ్" అని వీడియోలు పెడుతుంటారు కదా, అవి చూసి డబ్బులు జమ చేసుకుంటున్న తమ్ముళ్లు కొందరు నన్ను అడిగారు, ఒక్కొక్కరికీ ఫోన్‌లో చెప్పే ఓపిక లేక ఇక్కడ పొడుగ్గా రాస్తున్నా. మా మేనమామ కొడుకు ర్యాప్ రాసి పాడతాడు. బీట్లు, రికార్డింగ్, మిక్సింగ్ నావి. ఆల్బమ్‌లో ప్రతి బీటూ దీని మీదే పుట్టింది, ఒక్క పాట కూడా దీని మీద పూర్తి కాలేదు.

తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. ఎస్‌పీ-404 మొదటి మోడల్ 2005లో వచ్చింది, ఈ మార్క్ 2 వచ్చింది 2021లో. 16 ప్యాడ్లు, ఒక్కో ప్రాజెక్టులో 160 శాంపిళ్లు, మొత్తం 16 ప్రాజెక్టులు, లోపల 16 జీబీ స్టోరేజ్. రికార్డ్ చేసేది 48 కిలోహెర్ట్జ్, 16 బిట్‌లో. అంకెలు మాత్రమే చూస్తే ఫోన్‌లో ఉచితంగా దొరికే యాప్ కూడా ఇంతకంటే ఎక్కువ ఇస్తుంది. కాబట్టి అంకెలు చూసి కొనకండి, అంకెలు చూసి వద్దనుకోకండి కూడా.

దీని ప్రాణమంతా రీశాంపిలింగ్‌లో ఉంది. ఒక శాంపిల్‌కు ఎఫెక్ట్ పెట్టి, వాయిస్తూ, ఆ మోగుతున్నదాన్నే మళ్లీ ఇంకో ప్యాడ్ మీదకు రికార్డ్ చేస్తాం. ఎఫెక్ట్ అందులో కలిసిపోతుంది, ఇక విడదీయలేం. దాని మీద మళ్లీ ఇంకో ఎఫెక్ట్, మళ్లీ రికార్డ్. కంప్యూటర్‌లో అయితే ప్లగిన్ (ఎఫెక్ట్ ఇచ్చే సాఫ్ట్‌వేర్) పెట్టి, నచ్చకపోతే రేపు తీసేద్దాంలే అనుకుంటాం, ఆ రేపు రాదు, నా ల్యాప్‌టాప్‌లో అలా సగంలో ఆగిన బీట్లు గుట్టలుగా పడి ఉన్నాయి. దీంట్లో ఆ వాయిదా బేరం లేదు: నచ్చిందా, ఎత్తుకో, ముందుకు పో. ఇంకోటి స్కిప్ బ్యాక్ అనే బటన్. రికార్డ్ నొక్కకుండా ఊరికే వాయించుకుంటున్నా ఆఖరి కొన్ని సెకన్లను అది పట్టి ఉంచుకుంటుంది, "అరె, ఇప్పుడు భలే పడిందే" అనిపించగానే నొక్కితే చాలు. మా టైటిల్ పాట లూప్ (మళ్లీ మళ్లీ తిరిగే ముక్క) అలాగే దొరికింది. ఈ ఒక్క బటన్ కోసం కొన్నా తప్పులేదని నేనంటాను.

మా శాంపిళ్ల సంగతికి వస్తా, ఎందుకంటే యంత్రం గురించి నాకు తెలిసిందంతా వాటితో కుస్తీ పట్టి తెలుసుకున్నదే. మా మేనమామ కుర్రతనంలో చెక్కభజన ఆడేవాడు. ఊళ్లో భజన జరిగిన రాత్రుల్లో టేప్‌రికార్డర్ పెట్టి ఎత్తిన క్యాసెట్లు ట్రంకుపెట్టెలో ఉన్నాయి: హార్మోనియం, తాళాలు, చెక్కలు, మధ్యలో కుక్కల అరుపులు, ఎవరో "ఇంగొకసారి పాడండ్రా" అనే కేకలు. శాంపిల్ చేసేవాడికి ఇంతకంటే నిధి ఉండదు. కానీ క్యాసెట్ అంత తేలిగ్గా లొంగదు.

టేపు నడవాల్సిన వేగం సెకనుకు 4.76 సెంటీమీటర్లు. పాత టేప్‌రికార్డర్‌లో బెల్టు సాగి, మోటారు అరిగి ఆ వేగం అటూ ఇటూ అవుతుంది. వేగం ఆరు శాతం మారితే శ్రుతి ఒక స్వరస్థానం మారిపోతుంది, మూడు శాతం మారితే రెండు స్వరాల మధ్య ఎక్కడో వేలాడుతుంది. అప్పుడు దాని కింద మనం వేసిన బేస్ (మంద్ర స్వరాల వరస) ఎంత సరిగ్గా వాయించినా అపశ్రుతే. చాలామంది ఇక్కడ బేస్ మారుస్తారు. నేను శాంపిల్‌నే కదిలిస్తాను: వినైల్ మోడ్‌లో పెడితే వేగమూ శ్రుతీ కలిసే మారతాయి, రికార్డును చేత్తో నెమ్మది చేసినట్టు ఉంటుంది. కొంచెం కొంచెం తిప్పుతూ బేస్‌తో కలిసేచోట ఆపి, రీశాంపిల్ చేసేస్తా. వేగం మార్చకుండా శ్రుతి మాత్రమే మార్చే మోడ్ కూడా ఉంది గానీ, గొంతు ఉన్న శాంపిల్ మీద దాన్ని ఎక్కువ లాగితే రేకు డబ్బాలోంచి వచ్చినట్టు అవుతుంది.

క్యాసెట్ విషయంలో ఇంకో మాట. శబ్దం మందంగా, పై భాగం లేనట్టు వినిపిస్తే టేపు పాడైందని పారేయకండి. చాలాసార్లు అది హెడ్ వంకర. ప్లేయర్‌లో హెడ్ పక్కన చిన్న స్క్రూ ఉంటుంది, టేపు నడుస్తుండగా మోనోలో (రెండు ఛానెళ్లూ ఒకటిగా కలిపి) వింటూ దాన్ని నెమ్మదిగా తిప్పితే ఒకచోట తాళాలు ఒక్కసారిగా తళుక్కుమంటాయి, అక్కడ ఆపాలి. అలా చేశాక కూడా ఎడమ, కుడి ఛానెళ్లు సరిపడకపోతే ఒక్క ఛానెల్ మాత్రమే తీసుకోవడం మేలు. రెండూ కలిపితే ఒకదాన్నొకటి తినేస్తాయి.

ఇక లయ. మా టేపుల్లో ఎక్కువ భాగం తిశ్రగతి, తకిట తకిట అని మూడుమూడుగా నడుస్తుంది. హిప్-హాప్ బీటు నాలుగులో నడుస్తుంది. రెండు బార్ల (రెండు తాళ ఆవృతాల) లూప్ తీసి కింద కిక్, స్నేర్ (మందంగా మోగే డ్రమ్, చటుక్కుమనే డ్రమ్) వేస్తే తొక్కిసలాట తప్ప పాట రాదు. శాంపిల్‌ను దెబ్బదెబ్బకూ కోసి 16 ప్యాడ్ల మీద పరిచి, మ్యూట్ గ్రూప్ పెట్టి (ఒక ప్యాడ్ కొట్టగానే ముందుది ఆగిపోవాలి, లేకపోతే హార్మోనియం తోక ఒకదాని మీదొకటి పడి గందరగోళం) కొత్తగా వాయించడం ఒక దారి. డ్రమ్స్‌నే తిశ్రం వైపు వంచడం ఇంకో దారి. అకాయ్ ఎంపీసీ అనే బీట్ యంత్రం లెక్కలో స్వింగ్ (దెబ్బలకు ఇచ్చే ఊపు) 50 అంటే సూటి నడక, 66 దగ్గరికొస్తే దెబ్బల మధ్య దూరం రెండుకు ఒకటి అవుతుంది, అంటే దాదాపు తిశ్రమే. హై-హ్యాట్ తాళాలకు ఆ ఊపు ఇచ్చి, కిక్ మాత్రం సూటిగా ఉంచితే భజన నడకా, బూమ్-బ్యాప్ (కిక్, స్నేర్ గట్టిగా పడే హిప్-హాప్) నడకా తగవు పడకుండా కూర్చున్నాయి. క్వాంటైజ్ (దెబ్బల్ని యంత్రమే లెక్కకు సర్దడం) అసలు పెట్టకుండా చేత్తో వాయించినవే ఆల్బమ్‌లో నాకు ఎక్కువ ఇష్టం.

అయితే వాయించిన దెబ్బల్ని వరసగా గుర్తుంచుకునే దీని సీక్వెన్సర్‌లో ఒక దెబ్బ తప్పు పడితే, ఆ చిన్న స్క్రీన్‌లో దాన్ని వెతికి సరిచేయడం నాకు మహా విసుగు. నేను సరిచేయను, పాటర్న్ మళ్లీ మొదటినుంచి వాయిస్తా, అదే త్వరగా అయిపోతుంది.

ఉరుములు, అంటే మా అమ్మవారి జాతరల్లో వాయించే డ్రమ్ముల గురించి చెప్పకపోతే అనంతపురం వాణ్ని కాను. అమ్మవారి జాతరలో ఉరుముల బృందాన్ని రికార్డ్ చేయడానికి దీన్ని భుజాన వేసుకుని పోయాం. టైప్-సి పవర్ బ్యాంక్‌తో నడుస్తుంది, ఆరు డబుల్ ఎ బ్యాటరీలతోనూ నడుస్తుంది, పల్లెలో కరెంటు కోసం ఎవరి ఇల్లూ తట్టాల్సిన పని లేదు. మైకుకు ఎక్స్‌ఎల్‌ఆర్ సాకెట్ లేదు, ఫాంటమ్ పవర్ (కొన్ని మైకులకు కేబుల్‌లోంచి ఇచ్చే కరెంటు) లేదు, కాబట్టి ఆ కరెంటు అక్కర్లేని డైనమిక్ మైకే గతి, అదృష్టం కొద్దీ అంత గట్టి వాద్యానికి అదే సరైనది. దగ్గర పెడితే పగిలిపోతుంది, నాలుగైదు అడుగుల దూరంలో పెట్టి, లెవెల్ సగానికి తక్కువే ఉంచాం. ఇంటికొచ్చి బీటులో పెడితే కిక్ వినపడదు, ఉరుము ఉన్నచోటే కిక్ కూడా ఉండాలనుకుంటుంది మరి. ఈక్యూతో (శబ్దంలో కింది, పై భాగాలను పెంచి తగ్గించేది) ఎంత చెక్కినా ఏదో ఒకటి చచ్చిపోతోంది. చివరికి ఆ పాటలో కిక్కే తీసేశాం. ఇప్పటికీ ఊళ్లో కుర్రాళ్లు కారులో గట్టిగా పెట్టుకునేది అదే పాట.

ఎఫెక్టుల్లో పాత రికార్డులా మోగించే 303 వినైల్ సిమ్‌కు ఉన్న పేరు ఊరికే వచ్చింది కాదు, డ్రమ్స్‌ను అది నొక్కి పట్టే తీరు వేరు. క్యాసెట్ సిమ్ మాత్రం ఇప్పుడు ఎవరి బీటులో విన్నా అదే. మా టేపుల్లో నిజమైన గురగుర ఉంది, దాని మీద మళ్లీ దొంగ గురగుర దేనికని నేను ముట్టుకోలేదు. పాత గరుకుతనం కావాలంటే ఇంకో పద్ధతి ఉంది. 1987లో వచ్చిన ఈమ్యూ ఎస్‌పీ-1200 శాంప్లర్‌లో మొత్తం శాంపిల్ సమయం 10 సెకన్లే, అందుకని న్యూయార్క్ బీట్ మేకర్లు నిమిషానికి 33 చుట్లు తిరగాల్సిన రికార్డును 45 చుట్ల వేగంలో తిప్పి ఎత్తుకుని, లోపల మళ్లీ నెమ్మది చేసేవాళ్లు. 12 బిట్ యంత్రంలో అలా సాగదీయడంతోనే ఆ గరుకు వచ్చింది. దీంట్లో కూడా వేగం పెంచి, లో-ఫై (శబ్దాన్ని గరుకు చేసే ఎఫెక్ట్) పెట్టి రీశాంపిల్ చేసి, మళ్లీ నెమ్మది చేయండి. అచ్చం అదే రాదు గానీ పర్వాలేదు.

ఇక్కడితో డబ్బా పని అయిపోయినట్టే. యూఎస్‌బీలో కంప్యూటర్‌కు వచ్చేది ఒక్క స్టీరియో జంట మాత్రమే, ప్రతి ప్యాడూ విడివిడి ట్రాక్‌గా ఒకేసారి రాదు. అప్‌డేట్లలో సౌకర్యాలు పెరుగుతూ వచ్చాయి గానీ నేను మొరటు పద్ధతే పాటిస్తా: శాంపిల్ ఒకసారి, కిక్ ఒకసారి, స్నేర్ ఒకసారి అని పాటంతా వేరువేరుగా రీపర్ అనే రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌లోకి పోస్తా. ప్రతిసారీ మొదట్లో ఒక రిమ్‌షాట్ (డ్రమ్ అంచు మీద) దెబ్బ ఉంచుతా, ట్రాకులన్నీ దాని దగ్గర జతచేసి తర్వాత ఆ ముక్క కోసేస్తా. రీపర్ ప్రాజెక్టును 48 కిలోహెర్ట్జ్‌లోనే తెరవండి, ఊరికే మార్పిడి ఎందుకు.

గొంతు రికార్డింగ్ పూర్తిగా కంప్యూటర్‌లోనే. ఏప్రిల్, మే నెలల్లో అనంతపురంలో గది సంగతి మీకు తెలుసు, ఫ్యాన్ ఆపితే మనిషి ఉడికిపోతాడు, ఆపకపోతే ప్రతి మాట వెనకా గాలి. రాత్రి పన్నెండు దాటాక, పక్కింటి నీళ్ల మోటారు ఆగాక రికార్డ్ చేశాం. మైకు వెనక కాదు, పాడేవాడి వెనక బొంతలు వేలాడదీయాలి, మైకు చూసేది అటే కదా. తెలుగు ర్యాప్‌లో ఒత్తులే బలం, సీమ మాటల్లో మరీనూ. "గట్టిగ", "సచ్చినా" లాంటివి స్నేర్ మీద పడితే వేరే డ్రమ్ అక్కర్లేదు. కానీ ప, బ, భలకు గాలి గుద్దు, స, శ, చలకు ఈల వస్తాయి. జానెడు దూరం, మైకుకు కొంచెం పక్కగా నోరు, పాప్ ఫిల్టర్, ఆ తర్వాత 5 నుంచి 8 కిలోహెర్ట్జ్ మధ్య ఈల తగ్గించే డీ-ఎస్సర్, ఇంతే.

మిక్సింగ్‌లో అసలు చిక్కు ఏమిటంటే శాంపిల్ అప్పటికే ఒక నిండు పాట. దాంట్లో కింద ఉంది, మధ్య ఉంది, పైన ఉంది, మనం గొంతు ఎక్కడ పెట్టాలి? మొదటి మిక్స్ విని మావాడు "ఏం బావా, నా గొంతు యాడ పోయింది, హార్మోనియం మింగేసిందా?" అన్నాడు. గొంతు పెంచితే శాంపిల్ చిన్నబోతుంది. బేస్ వేరే ఉన్న పాటల్లో శాంపిల్‌ను 150 హెర్ట్జ్ కింద కోసేశాను. మాట స్పష్టత ఉండే 2 నుంచి 4 కిలోహెర్ట్జ్ మధ్య, గొంతు ఉన్నప్పుడు మాత్రమే శాంపిల్ రెండు మూడు డెసిబెల్స్ తగ్గేలా డైనమిక్ ఈక్యూ పెట్టాను, వాడు ఊపిరి తీసుకోగానే హార్మోనియం మళ్లీ ముందుకొస్తుంది. దీంతో సగం గొడవ తీరింది. మిగతా సగం, పక్కలకు పరిచిన సొగసులన్నీ మోనోలో మాయమవడం. జనం వినేది ఫోన్ స్పీకర్‌లో, ఆటోలో, కాబట్టి ప్రతి మిక్సూ మోనోలో విని చూశా.

మాస్టరింగ్‌కు (మిక్స్ అయ్యాక చివరి మెరుగు) ఒక పాటను బెంగళూరులో ఒక స్టూడియోకు పంపితే ఇటుకలా నొక్కి పంపారు, స్నేర్ చచ్చిపోయింది. స్పాటిఫై లాంటి చోట్ల ఎలాగూ దాదాపు -14 లఫ్స్‌కు (శబ్దం ఎంత గట్టిగా ఉందో చెప్పే కొలత) దించేస్తారు, ఎంత గట్టిగా చేసినా లాభం లేదు. మిగిలినవి నేనే చేశా, పీక్ -1 డెసిబెల్ దాటకుండా.

అనుమతుల గురించి కూడా. "పాత పాటే కదా, ఎవడడుగుతాడు" అంటారు. మన 1957 కాపీరైట్ చట్టంలో సౌండ్ రికార్డింగ్‌కు 60 ఏళ్లు రక్షణ. అది దాటినా బాణీ, సాహిత్యం హక్కులు వేరే, అవి రచయిత, స్వరకర్త పోయాక ఇంకో 60 ఏళ్లు ఉంటాయి. అంటే రికార్డు పాతబడినంత మాత్రాన పాట మీదైపోదు. అమెరికాలో 1991లో ర్యాపర్ బిజ్ మార్కీ కేసు తీర్పు తర్వాత అడక్కుండా శాంపిల్ వాడటానికే భయపడ్డారు. జానపదం బాణీకి యజమాని ఉండకపోవచ్చు, పాడినవాళ్లకు మాత్రం ప్రదర్శన హక్కు 50 ఏళ్లు ఉంది. ఉరుముల బృందానికీ, క్యాసెట్‌లో గొంతున్న భజన గురువుగారికీ డబ్బు ఇచ్చి, కాగితం మీద సంతకాలు తీసుకుని, పాట వివరాల్లో పేర్లు వేశాం. గురువుగారికి బీటు వినిపిస్తే "తాళం బాగుండాది గానీ, నా పాట ఇట్ల ముక్కలు సేసినావేంరా అబ్బోడా" అన్నారు. సంతకం మాత్రం పెట్టారు.

కొనేవాళ్లకు ఆఖరుగా. సెకండ్ హ్యాండ్ అయితే బెంగళూరులో వెతకండి, పొద్దున పోయి రాత్రికి రావచ్చు. చూసేటప్పుడు ప్రతి ప్యాడ్‌నూ మెల్లగా ఒకసారి, గట్టిగా ఒకసారి కొట్టి చూడండి, నాబ్‌లు తిప్పుతుంటే చరచరమంటుందేమో హెడ్‌ఫోన్స్‌లో వినండి, మన దుమ్ముకు ముందు పోయేవి అవే. ల్యాప్‌టాప్‌కు చార్జర్ పెట్టగానే గుయ్‌మని శబ్దం వస్తే డబ్బాను అనుమానించే ముందు ఇంటి ఎర్తింగ్ చూసుకోండి, మా అద్దె ఇంట్లో మూడు పిన్నుల సాకెట్‌కు ఎర్త్ వైరే లేదు. అప్పుడు డబ్బాను పవర్ బ్యాంక్ మీద, ల్యాప్‌టాప్‌ను బ్యాటరీ మీద నడిపి రికార్డ్ చేసుకోవచ్చు. ప్రాజెక్టులను ఎస్‌డీ కార్డులోకి ఎప్పటికప్పుడు బ్యాకప్ తీసుకోండి. ల్యాప్‌టాప్ కూడా లేనివాళ్లయితే ముందు అది కొనండి, ఇది తర్వాత.