మడ్ టైర్లకు బ్యాలెన్సింగ్ పూసలు: చాలాకాలం వాడి తీసేశాక

టైరు లోపల పోసే బ్యాలెన్సింగ్ పూసలపై నా తీర్పు ముందే చెప్పేస్తాను. అవి బొత్తిగా పనికిరానివి కావు, అలాగని స్టీరింగ్ వణుకుకు సరైన మందూ కావు. ఒక సెట్టు మడ్ టెరైన్ టైర్లు (బురదలో పట్టు కోసం చేసినవి) సగానికి పైగా అరిగేదాకా పూసలతోనే నడిపాను. చివరికి వాటిని ఊడ్చి పారేసి, మళ్లీ రిమ్ముకు అతికించే బరువు ముక్కల దగ్గరకే వచ్చాను. ఈసారి మాత్రం ఆ ముక్కలు పెట్టించే పద్ధతి మార్చాను. తేడా అంతా అక్కడే ఉంది.

బండి ఛాసీ మీద కట్టిన ఫోర్ బై ఫోర్. టైర్లు 265/70 ఆర్16, రిమ్ములు విడిగా కొన్న అల్లాయ్‌వి. బండితో వచ్చిన టైర్లు ఉన్నంతకాలం స్టీరింగ్ నిశ్చలంగా ఉండేది. మడ్ టైర్లు వేశాక గంటకు 80 కిలోమీటర్ల దాకా ఏమీ తెలిసేది కాదు. 85 దాటితే వేళ్లకు తిమ్మిరెక్కేంతగా అదిరేది, 110 దగ్గర కాస్త సర్దుకునేది. ఇలా ఒక వేగం దగ్గర మొదలై ఇంకో వేగం దగ్గర తగ్గే వణుకు చాలావరకు బ్యాలెన్స్ లోపమే, అంటే చక్రం చుట్టూ బరువు సమానంగా లేకపోవడం. బ్రేకు తొక్కినప్పుడే వణికితే డిస్కులు చూడాలి. స్టీరింగ్ బాగానే ఉండి సీటు కింద అదురుతుంటే వెనక చక్రాలు చూడాలి. బండి ఒక పక్కకు లాగడం అలైన్‌మెంట్, అంటే చక్రాల కోణాల సంగతి. వణుకు అని చెప్పగానే అలైన్‌మెంట్ చేయించుకోమనే చోటి నుంచి నేను మర్యాదగా బండి తిప్పుకుని వచ్చేస్తాను.

మడ్ టైర్లకే ఈ బాధ ఎందుకు ఎక్కువో ఒక చిన్న లెక్క చెబుతుంది. ఈ సైజు టైరు ఎత్తు సుమారు 777 మిల్లీమీటర్లు, చుట్టుకొలత 2.44 మీటర్లు. గంటకు 90 కిలోమీటర్లంటే సెకనుకు 25 మీటర్లు, అంటే చక్రం సెకనుకు పది సార్లు తిరుగుతుంది. రిమ్ము అంచు దగ్గర 60 గ్రాముల తేడా ఉంటే, ఆ వేగంలో అది దాదాపు ఐదు కిలోల బలంతో చక్రాన్ని బయటికి గుంజుతుంది, అదీ సెకనుకు పది చుట్లు దిక్కు మార్చుకుంటూ. వేగం సగానికి తగ్గితే ఆ బలం నాలుగో వంతుకు పడిపోతుంది కాబట్టి నెమ్మదిగా వెళ్తే ఏమీ తెలియదు. మామూలు టైరులో 60 గ్రాములంటే పెద్ద లోపం. మడ్ టైరులో లావుపాటి రబ్బరు దిమ్మెలన్నీ చుట్టు అంచునే ఉంటాయి, అవన్నీ సరిసమానంగా రావడం కష్టం. అంతకంటే ఎక్కువ తేడా ఉన్న టైర్లూ నా కళ్ల ముందే బ్యాలెన్సింగ్ మెషీన్ ఎక్కాయి.

అందుకే మొదట్లో అందరిలాగే రిమ్ము లోపలి వైపు అతుకు ముక్కలు పెట్టించాను. రోడ్డు మీద ఉన్నన్నాళ్లు బాగానే ఉండేవి. బురదలోకి దిగి వచ్చాక వణుకు మళ్లీ హాజరు. చక్రం విప్పి చూస్తే, మట్టి పట్టిన రిమ్ము లోపల ఒకచోట వేలెడు వెడల్పున శుభ్రమైన పట్టీ, దాని మీద నలిగిన టేపు నురగ మాత్రమే మిగిలి ఉండేవి. ముక్కలు ఎక్కడో బురదలో కలిసిపోయాయి. రిమ్ముకూ బ్రేకుకూ మధ్య గట్టిపడిన మట్టి గడ్డ వాటిని గోకి లాగేస్తుంది. నిజానికి ముక్కలు ఊడకపోయినా, రిమ్ములో ఒక పక్క ఎండిన బురద ఒక్కటే చాలు స్టీరింగ్‌ను ఊపడానికి. ఏ షాపుకు వెళ్లే ముందైనా చక్రాల లోపలి వైపు నీళ్లు గట్టిగా కొట్టి కడగండి. వణుకు అక్కడితోనే పోవచ్చు.

పూసల వైపు వెళ్లింది ఈ విసుగుతోనే. ఆవగింజ కంటే చిన్న గాజు పూసలు, లేదా పింగాణీవి. టైరు సైజును బట్టి ఇంత తూకమని లోపల పోస్తారు. చక్రం తగినంత వేగం అందుకున్నాక అవి బరువు తక్కువగా ఉన్న వైపు సర్దుకుని లోపాన్ని పూడుస్తాయన్నది సూత్రం. వాల్వు గుండా ఎక్కించవచ్చు గానీ అది ఓపికకు పరీక్ష. టైరు ఒక పక్క అంచు రిమ్ము నుంచి విడిపించి నేరుగా పోయించడమే మేలు. వాల్వు పిన్ను తీసేసి జల్లెడ ఉన్న పిన్ను పెట్టించడం మరిచిపోవద్దు. లేకపోతే గాలి తగ్గించేటప్పుడు పూస వాల్వులో ఇరుక్కుని గాలి కారుతూనే ఉంటుంది.

నున్నటి రోడ్డు మీద ఫలితం నిజంగానే కనిపించింది. 60 దాటాక కాసేపు చిన్న అదురు, ఆపైన స్టీరింగ్ నెమ్మదించేది. బురదలో ఎంత దొర్లినా ఊడిపోయేది ఏమీ లేదన్న నిశ్చింత కూడా చిన్నది కాదు. చిక్కు గతుకుల తారు రోడ్డు మీద వచ్చింది. గట్టి గుంత తగిలినప్పుడల్లా, బ్రేకు బలంగా తొక్కినప్పుడల్లా లోపలి పూసలు చెదిరి, అవి మళ్లీ సర్దుకునేదాకా స్టీరింగ్ గునిసేది. మన రోడ్డు అంతా గతుకులే అయితే ఆ సర్దుబాటు ఎప్పటికీ పూర్తి కాదు. ఇంజిన్ ఆపి బండిని తోసినప్పుడు టైరులో నుంచి సన్నటి ఇసుక జారుతున్న చప్పుడు వినిపించేది. దానికి నేను అలవాటు పడ్డాను, బండి ఎక్కిన వాళ్లు పడలేదు.

అసలు దెబ్బ తేమ తీసింది. గాలి కొట్టే కంప్రెసర్ ట్యాంకులో నీరు చేరి ఉంటే ఆ తేమ టైరులోకీ వెళ్తుంది. ఒకసారి పంక్చరుకు టైరు విప్పించినప్పుడు లోపలి గోడకు ఒకచోట పూసలు అరచేతి మందాన పెచ్చు కట్టి ఉన్నాయి. బ్యాలెన్స్ చేయాల్సిన సరుకే బ్యాలెన్స్ చెడగొడుతోందన్నమాట. పంక్చరు వేసే అతను ఆ గుల్లంతా ఊడ్చి పోగు చేయాల్సి వచ్చినందుకు నన్ను చూసిన చూపు వేరే కథ. పూసలున్న టైరులో పంక్చరు ద్రవం పోయకూడదు, అంతా ముద్దయిపోతుంది. ఆ టైరును బ్యాలెన్సింగ్ మెషీన్ మీద తిప్పినా తిప్పినప్పుడల్లా ఒక కొత్త అంకె చూపిస్తుంది, అంటే లోపం ఎక్కడుందో తెలుసుకునే దారి కూడా మూసుకుపోతుంది.

ఇంకొక పరిమితి ఉంది, దాన్ని అమ్మేవాళ్లు చెప్పరు. టైరు గుండ్రంగా లేకపోయినా, దాని గోడ ఒకచోట గట్టిగా, ఒకచోట మెత్తగా ఉన్నా పూసలు చేయగలిగింది ఏమీ లేదు. మాటకొస్తే మామూలు బరువు ముక్కలూ అంతే. నా టైర్లలో ఒకటి సరిగ్గా ఆ రకం. అది బయటపడింది రోడ్ ఫోర్స్ మెషీన్ మీద. ఈ మెషీన్ తిరుగుతున్న టైరు మీద ఒక రోలరును గట్టిగా ఒత్తి, బండి బరువు పడినప్పుడు టైరు ఎక్కడ ఎదురు తంతుందో కొలుస్తుంది. తర్వాత టైరును రిమ్ము మీద కొంత తిప్పి ఎక్కిస్తారు, టైరు ఎత్తుగా ఉన్న చోటు రిమ్ము లోతుగా ఉన్న చోట కూర్చునేలా. కొత్త టైరు మీద ఎర్ర చుక్క ఉంటే అది ఆ ఎత్తు చోటికి గుర్తు. పసుపు చుక్క బరువు తక్కువ ఉన్న చోటు, దాన్ని వాల్వు పక్కకు తెస్తారు. ఇలా తిప్పి ఎక్కించాక ఆ టైరుకు పట్టిన బరువు మునుపటి దాంట్లో సగం కూడా లేదు.

విడిగా కొన్న రిమ్ములతో ఒక మెలిక ఉంది. వాటి మధ్య రంధ్రం హబ్ (బండి మీద చక్రం కూర్చునే భాగం) కంటే పెద్దదిగా ఉండవచ్చు. అప్పుడు బండి మీద చక్రాన్ని మధ్యకు తెచ్చేది నట్లే. మెషీన్ మీద మాత్రం శంకువు పెట్టి రంధ్రాన్ని బట్టి బిగిస్తారు, కొలత అక్కడే తప్పుతుంది. నట్ల రంధ్రాలను పట్టుకునే వేళ్ల ప్లేటుతో బిగించమని అడగాలి. చక్రం సరిగ్గా కూర్చుందో లేదో తేల్చే పరీక్ష సులువు: బ్యాలెన్స్ సున్నా చూపించాక చక్రం వదులు చేసి, సగం చుట్టు తిప్పి మళ్లీ బిగించి తిప్పమనండి. అంకెలు మారితే చక్రం మధ్యలో కూర్చోలేదు, ఆ బ్యాలెన్సింగ్‌కు విలువ లేదు. కొందరు ఈ కోరిక విని ముఖం చిట్లిస్తారు. చిట్లించనివ్వండి. అలాగే వెడల్పు టైరుకు ఒకే వరుసలో ముక్కలు చాలవు, లోపలి వైపు ఒక వరుస, ఊచల వెనక దాగేలా ఇంకో వరుస పెట్టించాలి. వాటి మీద వెడల్పాటి అల్యూమినియం టేపు అంటించాక బురదలోనూ నా ముక్కలు ఊడడం దాదాపు ఆగిపోయింది.

ఇసుకలోకి, బురదలోకి దిగేటప్పుడు టైర్లలో గాలి తగ్గించే అలవాటు ఉన్నవాళ్లు ఒక గీత గీసుకోవాలి. వాల్వు ఎదురుగా రిమ్ము మీద, టైరు మీద కలిసేలా పెయింటు గీత. 15 పీఎస్ఐ దగ్గర గట్టిగా ఆక్సిలరేటరు తొక్కితే రిమ్ము లోపల తిరిగిపోయి టైరు ఉన్నచోటే ఉండవచ్చు. రెండు గీతలు విడిపోయి కనిపిస్తే ముక్కలన్నీ ఉన్నా బ్యాలెన్స్ పోయినట్టే.

తలుపులు ఊడిపోతాయేమో అన్నంతగా, గుంత తగిలాక ఆగకుండా బండి ముందు భాగమంతా ఊగితే మాత్రం అది ఈ కథ కాదు. ముందు సాలిడ్ యాక్సిల్ (రెండు చక్రాలనూ కలిపే ఒకే ఇరుసు) ఉన్న బండ్లలో ట్రాక్ బార్ బుష్షులు, బాల్ జాయింట్లు, టై రాడ్ చివరలు అరిగితే అలా అవుతుంది. కొత్త స్టీరింగ్ డ్యాంపర్ వేస్తే కొన్నాళ్లు కప్పిపుచ్చుతుంది, అంతే.

ఇప్పుడు నా స్టీరింగ్ 100 దగ్గర కూడా ఒక వేలితో పట్టుకోగలిగేంత నెమ్మదిగా ఉంది. పూర్తి సున్నా అనను. దిమ్మెలు ఒక పక్క కోసుకుపోయినట్టు అరగడం మొదలైతే సన్నటి గుర్రు మళ్లీ వస్తుంది, చక్రాల స్థానాలు మార్చినప్పుడు తగ్గుతుంది. 8,000 కిలోమీటర్లకు మించి ఆ మార్పిడిని వాయిదా వేయను. మార్చే ప్రతిసారీ హబ్ ముఖం మీది తుప్పును తీగ బ్రష్‌తో గీకి, నట్లు ఎదురెదురుగా టార్క్ రెంచ్‌తో బిగిస్తాను.

పూసలు ఎవరికి పనికొస్తాయి అంటే, తారు రోడ్డు మొహం తక్కువ చూసే బండ్లకు. 35 అంగుళాలు దాటిన టైర్లతో, రిమ్ము చుట్టూ ముక్కలు కడితే గానీ లోపం పూడని వాళ్లకు కూడా. వాళ్లు కూడా ముందు టైరు గుండ్రంగా ఉందో లేదో కొలిపించుకుని, తేమ లేని గాలి దొరికే చోటే పోయించుకోవాలి. హైవే మీద సగం జీవితం గడిపే బండికైతే నేను సిఫార్సు చేయను. బ్యాలెన్సింగ్‌కు వెళ్లినప్పుడు స్టెప్నీని కూడా దింపించండి. మార్పిడిలో అది కూడా ఏదో ఒక రోజు ముందు చక్రం స్థానానికి వస్తుంది.